తాటిచెట్టు మీది సాక్షి

కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోయే దారిలో, గుట్టల కింద ఉన్న ఊరికి కల్లు గీసేవాడు ముత్తయ్య. పొద్దున్నే నడుముకు మోకు బిగించి తాటిచెట్టెక్కితే ఎవరి వాకిట్లో ఏం జరుగుతున్నా కనిపిస్తుంది. అందుకే అక్కడి గీతవాళ్లకు ఒక కట్టుబాటు. చెట్టు మీద చూసింది చెట్టు మీదే వదిలి దిగాలి. తండ్రి మోకుతోపాటు ఈ మాట కూడా అతనికి అప్పజెప్పి పోయాడు.

తాత కాలంలో ఆ గుట్టల్లో పులులుండేవట. తర్వాత ఒక్కటీ మిగల్లేదు. నిరుడు ఎక్కడినుంచో ఒక ఆడపులి వచ్చి వాగులో నీళ్లు తాగుతుంటే ముత్తయ్య పైనుంచి చూశాడు. ఎవరికీ చెప్పలేదు. పిల్లలు లేని మనిషి, రోజూ చెట్టెక్కగానే దానికోసం వెతుక్కునేవాడు.

ఒక తెల్లవారుజామున చెట్టెక్కి చూస్తే, వాగు పక్కన అటవీశాఖవాళ్ల జంగ్లాతు జీపు ఆగి ఉంది. అడవిపందులకని ఎవరో పెట్టిన కరెంటు తీగ తగిలి పులి చచ్చి పడి ఉంది. అధికారి దగ్గరుండి గొయ్యి తవ్వించి పూడ్పించాడు.

కొన్నాళ్లకు అదే అధికారి గ్రామసభలో మైకు పట్టుకుని, పులి క్షేమంగా మహారాష్ట్రకు వెళ్లిపోయిందన్నాడు. చచ్చిన పులికైతే జవాబు చెప్పుకోవాలి, వెళ్లిపోయిన పులికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు కదా! ముత్తయ్యకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాడు.

“అది యాడికి పోలే సారూ. వాగు కాడ మీరే బొంద పెట్టిచ్చిండ్రు. చెట్టు మీదికెళ్లి నేను చూసిన.”

“పొద్దుగాలనే తాగినవా?” అన్నాడు అధికారి. జనం నవ్వారు గానీ, ఆ నవ్వు తొందరగానే ఆగింది. పులి సంగతి బయటపెట్టినవాడు రేపు తమ ఇళ్ల సంగతి చెప్పడని ఏముంది?

ఆ మర్నాటినుంచి అతని కల్లుకు మనుషులు కరువయ్యారు. రోజూ మొదటి ముంత తాగే దశరథం కూడా పక్క ఊరికి పోవడం మొదలుపెట్టాడు.

“పులేమన్న నీ బిడ్డనా? నాతోని గూడ ఒక్కలు మాట్లాడుతలేరు,” అని ఏడ్చింది భార్య గంగవ్వ.

గ్రామసభలో అతనన్న మాట పై ఆఫీసుదాకా పోయి, చివరికి అక్కడినుంచి ఒక పెద్దసారు విచారణకు వచ్చాడు. ముత్తయ్యకు ప్రాణం లేచి వచ్చింది. పరుగులాంటి నడకతో వాగు దగ్గరికి తీసుకుపోయాడు. గొయ్యి అప్పటికే తవ్వి ఉంది. లోపల ఏమీ లేదు.

“ఇంకెవరన్నా చూశారా?” అని అడిగాడు పెద్దసారు.

ముత్తయ్య ఊరివైపు తిరిగి చూశాడు. వెంట ఎవరూ రాలేదు.

పెద్దసారు వెళ్లిపోయాక, అమ్ముడుపోని కల్లు తెచ్చి, పోయినవాళ్లకు పోసినట్టు ఆ ఖాళీ గోతిలో సాక పోశాడు. “నువ్వు సచ్చినవని నేనొక్కన్నే అన్న, తల్లీ. ఇంకెవ్వలు అనలే,” అని అక్కడే కూలబడి ఏడ్చాడు.

మర్నాడు మళ్లీ చెట్టెక్కాడు. ఎక్కుతుంటే కింద ఒక్కో ఇంటి తలుపూ మూసుకుంది. గ్రామసభ నాటినుంచి అది అలవాటైపోయింది. వాగువైపు చూశాడు, ఏమీ లేదు. తన ఇంటివైపు చూశాడు. వాకిలి ఊడుస్తున్న గంగవ్వ తలెత్తి అతన్ని చూసింది. చీపురు గోడకు ఆనించి, లోపలికి పోయి తలుపేసుకుంది.