మెడ చూపించుకునే రోజు

మదనపల్లె ఆసుపత్రిలో మా ఇద్దరికీ ఒకే వారంలో ఆపరేషన్ జరిగింది. తొంభైల మొదట్లో మాట. నేను పుంగనూరులో ఒక బడిలో టీచర్‌ని. పక్క మంచం మీది ఆమెది తంబళ్లపల్లె వైపు పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. నాకంటే ఐదారేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమెకు నేను టీచరమ్మను. ఇద్దరికీ మెడలో గడ్డే, ఇద్దరికీ థైరాయిడ్ క్యాన్సరే.

ఇంటికి పంపే ముందు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఇది నిదానంగా పెరిగే జబ్బట, ఎన్నో ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చట. అందుకని రోజూ పరగడుపున మాత్ర, ఏడాదికోసారి పరీక్ష, బతికినంత కాలం. నేను వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకున్నాను. ఆమె మాత్రం, గొర్రెలకు ఏటేటా సూది వేయించినట్టా అని అడిగింది. అచ్చం అట్లాగే అన్నారాయన నవ్వుతూ.

నర్సు ఇద్దరి చీటీల మీదా ఒకే తేదీ రాసింది. అట్లా మాది ఏడాదికి ఒక్కరోజు స్నేహం అయింది. డాక్టరు మా వెనక నిలబడి మెడ మీద వేళ్లు పెట్టి గుటక మింగమనేవారు. లోపల ఉన్న మనిషి కంటే బయట బెంచీ మీద కూర్చున్న మనిషికే అప్పుడు గుండె దడ. ఏమీ లేదన్నాక బస్టాండు దగ్గర దోసెలు తినేవాళ్లం. ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు బొంగురుపోయింది. గొర్రెలు మొదట తన కేకను గుర్తుపట్టలేదని, నెల రోజులకు అలవాటు పడ్డాయని ఒక ఏడాది చెప్పింది.

కుప్పానికి బదిలీ అయ్యాక కూడా నేను ఆ తేదీకి మదనపల్లె వస్తూనే ఉన్నాను. పదో ఏడు ఆమె రాలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. చనిపోయిందేమో అన్న అనుమానం వదల్లేదు. ఆ ఆదివారమే బస్సులు మారి, దిగినచోట నుంచి రెండు మైళ్లు నడిచి వాళ్ల ఊరు చేరాను.

ఇంటి ముందు శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. బతికుందని సంతోషం, వెంటనే కోపం. ఎందుకు రాలేదని నిలదీశాను. ఇంట్లో పనులంది, గొర్రెలకు జబ్బంది. చివరికి కొంగు పక్కకు జరిపి, నా వేళ్లు పట్టుకుని తన మెడ పక్కన పెట్టింది. చర్మం కింద గింజంత గడ్డ గట్టిగా తగిలింది.

"మూన్నెల్ల నుంచి ఉండాది. ఇంట్లో ఎవురికీ చెప్పలా. ఆడికి పోతే అదేందో చెప్తారు గదా టీచరమ్మా. పోకుంటే చెప్పరు."

నేను వాదించలేదు. పరీక్షకు బయల్దేరే ముందు ఏటా నేను చేసే పని ఆమెకు చెప్పాను. బీరువా సర్ది, ఏ కాగితాలు ఎక్కడున్నాయో చీటీ రాసి దిండు కింద పెట్టి వస్తాను. తిరిగొచ్చాక చింపేస్తాను. అది మా ఆయనకు కూడా తెలియదు.

ఆమె ఒలిచే శెనక్కాయలు పక్కన పెట్టింది. "నీకు బయం లేదనుకుంటి. సదువుకున్నదానివి గదా."

ఆ మాటతో ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. సంగటి పెట్టింది, తిన్నాను. బుధవారం కొడుకును వెంటబెట్టుకుని వస్తానంది. వచ్చింది.

అది పాత జబ్బే. డాక్టరు ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు, వచ్చి మంచి పని చేశావమ్మా అన్నారు. మళ్లీ ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత బెంగళూరులో, మిగిలిన జబ్బును మాడ్చే అయోడిన్ మందు తాగాలి. దానికోసం రోజూ వేసుకునే మాత్ర నెల రోజులు ఆపించారు. ముఖం ఉబ్బి, ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకుందట. మందు తాగినవాళ్ల ఒంట్లోంచి కొన్నాళ్లు కిరణాలు వస్తాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఇంట్లో ఆరునెలల మనవడు. అందుకని బెంగళూరు నుంచి వచ్చి నేరుగా గొర్రెల దొడ్డి పక్క కొట్టంలో ఉండిపోయింది.

ఒకరోజు కుప్పంలో మా బడికి ఫోను వచ్చింది. అక్క వాళ్ల ఊళ్లో కాయిన్ బాక్సు నుంచి చేసింది.

"టీచరమ్మా, ఈ పొద్దు పిల్లోడ్ని ఎత్తుకుంటి."

అంతే చెప్పి పెట్టేసింది. నేను తరగతిలోకి వెళ్లి, పిల్లల్ని పాఠం చూసి రాసుకోమని చెప్పి, కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.