నాన్న దాహం

మా చిన్నప్పుడు నాన్నకు మాటిమాటికీ దాహం వేస్తోందంటే, చదరంగంలో ఓడిపోతున్నాడని అర్థం...

దర్శి దగ్గర పల్లె మాది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్న మా అరుగు మీదకు ఆటకొచ్చేవాడు. సుద్దతో గీసిన గళ్ళు, కొయ్య పావులు. నేను లోపల కిటికీ పక్కన చాట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఆటంతా చూసేదాన్ని. ముసురు పట్టి పొలం వెళ్ళలేని రోజుల్లో నాకు ఆట నేర్పింది నాన్నే. కానీ ఎదుగుతున్న ఆడపిల్ల అరుగెక్కి ఆడితే పెదనాన్న ఊరుకుంటాడా?

అందుకే ఆట మునిగే వేళకు నాన్న నీళ్ళ వంకతో లోపలికొచ్చేవాడు. కుండలో ముంత ముంచుతూ నా వైపు చూసేవాడు. ఏ పావు ఎటు జరపాలో గుసగుసగా చెప్పేదాన్ని.

పెదనాన్న మీద మొదటినుంచి ఆడే ఆట నాకెప్పుడూ దక్కలేదు... సగం పావులు పోయి, రాజు మూల నక్కాకే నా దాకా వచ్చేది. పోనుపోను ఆ పీకల మీదికొచ్చిన ఆటలే ఇష్టమయ్యాయి. గెలిచేశాననుకున్నవాడు సరిగ్గా చూడడు. నా ధైర్యమల్లా అదే.

నీళ్ళు తాగితే గానీ వీడికి బుర్ర పనిచెయ్యదని పెదనాన్న వేళాకోళమాడేవాడు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. నా పేరు మాత్రం ఎత్తేవాడు కాదు.

మా ఊళ్ళో బడి చదువు అయిపోయింది. అద్దంకిలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూల్లో చేరాలని నా ఆశ. అత్త సరేనంది. పెదనాన్న కుదరదన్నాడు. మా ఇంట్లో ఆయన మాటంటే మాటే. అన్నం మానేసి ఏడ్చాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నాన్న నీళ్ళకొచ్చేసరికి ఆట ఘోరంగా ఉంది. మంత్రి పోయాడు. ఒక ఏనుగు, ఒక గుర్రం, కాసిని బంట్లు మిగిలాయి. నాన్న ముంత పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"ఇది నిలబెట్టమ్మా. గెలిచిన ఊపులో మీ పెదనాన్నని అడుగుతా. నీ చదువు సంగతి నాకొదిలెయ్."

చేతుల మంట కూడా తెలియలేదు నాకు. ఒక బంటును ఎర వెయ్యమన్నాను. పెదనాన్న ఆశపడి మంత్రితో కొట్టాడు. నాన్నకు మళ్ళీ దాహమేసింది... ఈసారి గుర్రాన్ని దూకించమన్నాను. రాజు మీదా మంత్రి మీదా ఒకేసారి పడింది. రాజును తప్పించుకునేసరికి మంత్రి పోయాడు. అక్కణ్ణుంచి పెదనాన్నకు చెయ్యాడలేదు. చివరికి ఏనుగుతో ఆట కట్టు.

పెదనాన్న కోప్పడలేదు. నాన్న భుజం తట్టి, "భలే ఆడావురా. ఏం కావాలో అడుగు" అన్నాడు.

నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను.

నాన్న నా వైపు చూడలేదు. "నీ మీద గెలిచాను. అంతకన్నా ఏం కావాలి, అన్నా" అన్నాడు.

అంతే... నేను అద్దంకి వెళ్ళలేదు. ఆ తర్వాత నాన్న ఎన్నిసార్లు నీళ్ళకొచ్చినా చాటలోంచి తలెత్తలేదు. మీ నాన్న ఎంత మంచివాడో అంటారు ఇప్పటికీ మా ఊరివాళ్ళు. మంచివాడే, కాదనను. నా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో చదరంగం ఆడుతుంది. ఆట పాడైతే తీసేసి కొత్తది మొదలుపెడుతుంది... ఎంత హాయో!

మీ తరఫున అడగాల్సిన చోట నోరు తెరిచి అడిగినవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి రాయండి, చదవాలనుంది. మా నాన్న వదిలేసుకున్న ఆటలన్నీ నేను నిలబెట్టాను... నా ఆట వచ్చేసరికి ఆయన ఒక్క ఎత్తైనా వెయ్యకుండా లేచిపోయాడు.