గుర్రుమనే రేడియో

అనకాపల్లిలో మా ఎదురింటి మామకి పాత రేడియోలు బాగుచేయడమే సరదా. విప్పే ముందు ప్రతి పెట్టెకీ చెవి ఆనించి, "ఏటమ్మా, ఏటైంది నీకు?" అని అడిగేవాడు.

ఓ మధ్యాహ్నం నేనక్కడ ఉండగా మాకవరపాలెం నుంచి ఒకావిడ, బాగుచేయమని ఇచ్చిన తన భర్త రేడియో కోసం వచ్చింది. ఆయన పోయి ఏడాదైంది. మామ స్విచ్చి వేశాడు. పాట తేటగా వచ్చింది. ఆమె మాత్రం తల దించుకుంది.

"బాగుంది బాబూ. కానీ ముందు ఇది గుర్రుమనీది. మా ఆయన దీని పక్కనే కునుకు తీసీవోడు. రెండు గుర్రులూ కలిసిపోయీవి."

మామ పెట్టె మళ్ళీ విప్పాడు. ఆ చప్పుడు పోవాలని తీసేసిన పాత కండెన్సరును వెతికి, మళ్ళీ అతికాడు. పెట్టె గుర్రుమంది. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. మామ పాటను పూర్తిగా తగ్గించేశాడు. గుర్రు ఒక్కటే మిగిలింది. ఎండ వాలేదాకా ముగ్గురమూ దాన్నే వింటూ ఉండిపోయాం.