అమ్మ ఇవ్వనన్న ఈతాకు

మా తమ్ముడు జ్వరమొచ్చి చనిపోయిన ఏడు విభూది బుధవారం తొందరగా వచ్చింది. వాణ్ని మట్టిలో పెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. నాకు పదేళ్లు. కాజీపేటలో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బొగ్గింజన్లు ఇంకా నడుస్తున్న రోజులవి, బాపు వాటిలో బొగ్గేసే ఫైర్‌మన్. తమ్ముడు దవాఖానలో కన్నుమూసినప్పుడు ఆయన బల్లార్షా లైన్‌లో డ్యూటీలో ఉన్నాడు. వచ్చేసరికి అమ్మ వాణ్ని ఒళ్లోంచి దించకుండా అలాగే కూర్చుని ఉంది.

మట్టల ఆదివారం నాడు చర్చిలో పంచిన ఈతాకులు ఏడాదంతా ఇళ్లలో సిలువ వెనక ఉండేవి. ఈస్టర్ దాకా నలభై రోజులు సాగే తపస్సుకాలం మొదలయ్యే ముందు, మాకు జపాలు నేర్పే ఉపదేశి ఇంటింటికీ తిరిగి వాటిని పోగు చేసేవాడు. వాటిని కాల్చిన బూడిదే విభూదిగా, ఆ కాలం మొదలయ్యే బుధవారం పూజలో అందరి నుదుటా పెట్టేవారు.

ఆయన వచ్చి గడపలో నిలబడితే అమ్మ లేవలేదు. మా ఆకు చివర పీచులు పీచులుగా ఉంది. నిరుడు అది తెచ్చిన రోజు తమ్ముడికి అప్పుడప్పుడే పళ్లొస్తున్నాయి. పూజ అయ్యేదాకా దాన్ని నములుతూనే ఉన్నాడు.

"అది నేనియ్య," అంది అమ్మ. "పోరడు నోట్లె వెట్టుకున్నది."

ఉపదేశి బాపు వైపు చూశాడు. దీవించిన ఆకు, అందరూ ఇస్తున్నారు, మనం ఉంచుకుంటే ఎలా అని బాపు మెల్లగా నచ్చజెప్పబోయాడు. చివరికి బాపే స్టూలెక్కి ఆకు తీసి ఇచ్చేశాడు. ఇచ్చాక ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాడు.

బుధవారం పూజకు ఆమె రాదనుకున్నాను. కొంగు తలమీద కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని వచ్చింది. ఫాదర్ ఒక్కొక్కరి నుదుట సిలువ గీస్తూ, నువ్వు మట్టివి, మట్టిలోకే పోతావని ఏటా చెప్పే మాటే చెబుతున్నారు. వరుస ముందుకు జరిగినకొద్దీ అమ్మ వేళ్లు నా చేతిని నలిపేస్తున్నాయి. అమ్మను వెనక్కి లాగుదామా అంటే వెనకంతా జనం.

ఫాదర్ చెయ్యెత్తారు.

"నా కొడుకును మట్టిల వెట్టి నెల గాలె ఫాదర్," అంది అమ్మ, చాలా చిన్నగా. "ఆ మాట నాకు చెప్పకుండ్రి."

వాణ్ని సమాధి చేసిందీ ఆ ఫాదరే. ఆ మాట అనకుండానే అమ్మకు విభూది పెట్టి, నాకూ అలాగే పెట్టారు. మా తర్వాతివాళ్ల దగ్గర ఆ మాట మళ్లీ మొదలైంది. అమ్మ చెవులు మూసుకుని నడిచింది.

పక్క క్వార్టర్ పెద్దమ్మ వేములవాడ రాజన్నకు మొక్కే మనిషి. మా నుదుటి విభూది చూసి, తన మనవడికీ ఇంత పెట్టమని ఎత్తుకొచ్చింది. పిల్లవాణ్ని చూడగానే అమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది. పెద్దమ్మ నా నుదుటి నుంచి వేలితో కొంచెం తీసి వాడికి పెట్టి వెళ్లిపోయింది.

ఆ తపస్సుకాలమంతా అమ్మ ఒక్కపూటే తింది. ఒంట్లో బలం లేనివాళ్లు ఉపవాసం ఉండనక్కర్లేదని ఫాదర్ కబురు పంపారు. బాపు బతిమాలాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని ఏడ్చాడు కూడా.

"నువ్వు తిను," అంది అమ్మ. అంతే.

ఈస్టర్‌కు బాపు మటన్ తెచ్చాడు. అమ్మ వండి, మాకు వడ్డించి, తనూ పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఒక్కపూటే తిన్న ఒంటికి మటన్ పడలేదేమో, రెండు ముద్దలకే లేచిపోయింది. డ్యూటీ టైమైందని బాపు వెళ్లిపోయాడు. ఆమె పెరట్లో వాంతి చేసుకుంటుంటే నేను వీపు రాస్తూ నిలబడ్డాను.