అత్తమ్మ చెయ్యి దించేదాకా

మా అత్తమ్మ పోయింది. మొన్న పొద్దున నేను జిమ్‌లో ఉండగా మా ఆయన ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. అత్తమ్మ షాద్‌నగర్ దవాఖానలో ఉంటే కోడలికి జిమ్‌లో ఏం పని అని మీరు అడగవచ్చు. నన్ను పంపింది ఆమే. "ఈడ కూసొని నా మొఖం జూస్తే ఏమొస్తది? పొయ్యి నీ బరువులు ఎత్తుకోపో" అంది. ఆమె మాట కాదనే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. ఆమె చెప్పినట్టు చేయడం వల్లనే ఒకసారి బరువులెత్తే పోటీలో ఓడిపోయాను కూడా. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది.

రెండో కాన్పు తర్వాత నడుము నొప్పి పట్టుకుంటే, కసరత్తు చేయమని డాక్టరమ్మ చెప్పింది. అట్లా జిమ్‌లో చేరాను. బరువులు తగిలించిన ఇనుప కడ్డీని నేల మీది నుంచి ఎత్తి నిటారుగా నిలబడడాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారు. అది నాకు తొందరగా పట్టుబడింది. జిమ్ సారు చూసి పవర్‌లిఫ్టింగ్ పోటీకి పేరిద్దామన్నాడు. మా ఆడబిడ్డకు నచ్చలేదు. "ఇద్దరు పిల్లల తల్లివి, గీ యేషాలేంది వదినా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "గడ్డిమోపులు ఎత్తినన్ని దినాలు ఎవ్వలు అడ్డం రాలే. ఇనుము ఎత్తంగనే యాదికొచ్చిందా పిల్లల తల్లని?"

పోటీలో వేసుకునే బిగుతు బట్టలు చూసి మాత్రం ఆమె కూడా నొసలు ముడిచింది. అటూ ఇటూ తిప్పింది. కుట్లు పట్టుకుని గుంజి చూసింది. "కుట్టు గట్టిగనే ఉంది, ఏసుకో" అని నా చేతికిచ్చింది. ఆమె ఒప్పుకోవడం అంటే అంతే.

మా ఇంటి ఆడవాళ్లందరం చేనుకు పోయేవాళ్లమే. నెత్తి మీద మోపు ఉన్నప్పుడు ముందేముందో సరిగా కనపడదు, ఎవరి కాళ్ల మీద పడేస్తామో తెలియదు. అందుకే ఎదురుగా ఉన్న మనిషి 'దించు' అనేదాకా దించకూడదు, అన్నాక ఆగకూడదు. పెళ్లయిన కొత్తలో అత్తమ్మే నాకిది నేర్పింది. నా మోపుకు ఎదురుగా ఎప్పుడూ ఆమే నిలబడేది.

మొదటి పోటీ మహబూబ్‌నగర్‌లో. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. డెడ్‌లిఫ్ట్‌లో ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మూడోసారి నేను ఎత్తిన బరువుకు పతకం ఖాయం. నిటారుగా నిలబడ్డాను. ఎదురుగా జడ్జి చెయ్యి పైకెత్తి ఉంది. ఆ చెయ్యి కిందికి వచ్చేదాకా కడ్డీని పట్టుకుని నిలబడాలి. నా ముఖం ఎర్రబడడం చూసి అత్తమ్మ ఉండబట్టలేకపోయింది.

"చాలు బిడ్డా, దించు" అని కేకేసింది.

దించేశాను. జడ్జి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఎర్రలైట్లు వెలిగాయి, ఎత్తిన బరువు లెక్కలోకి రాలేదు. హాల్లో జనం నవ్వారు. సారు తల పట్టుకుని, జరిగింది అత్తమ్మకు వివరించాడు. తిరుగు బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. "నేనే ఆగం జేస్తి" అంది. ఫరవాలేదన్నాను గానీ ఆమె వినలేదు.

మర్నాటి నుంచి ఆమె కూడా జిమ్‌కు రావడం మొదలుపెట్టింది. నేను కడ్డీ ఎత్తగానే ఎదురుగా నిలబడి చెయ్యి పైకెత్తేది. నా చేతులు ఎంత గుంజుతున్నా తన చెయ్యి దించేది కాదు. "నా నోరు ఇనకు, చెయ్యి జూడు" అనేది. ఒక్కోసారి కావాలనే "దించు, దించు" అని నన్ను మోసం చేయబోయేది. మొదట్లో మోసపోయేదాన్ని. జిమ్‌లో ఆడపిల్లలు ఆమెను జడ్జమ్మ అని పిలిచేవాళ్లు. ఆ పేరంటే ఆమెకు లోలోపల చాలా ఇష్టం.

తర్వాతి పోటీ నల్గొండలో జరిగింది. అక్కడ గెలిస్తే రాష్ట్ర పోటీకి పోవచ్చు. నాకు అది కావాలి. అత్తమ్మకు మాత్రం తన కేకతో పోయిన బరువు తిరిగి రావాలి. మూడో అవకాశానికి సారు నూట పది కిలోలు పెట్టించాడు. జిమ్‌లో నేను ఎన్నడూ అంత ఎత్తలేదు. కడ్డీ మోకాళ్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అయిపోయింది అనుకున్నాను. ఎట్లా కదిలిందో నాకే తెలియదు, ఒళ్లంతా బిగబట్టి నిటారుగా నిలబడ్డాను.

జనం అరుస్తున్నారు. జడ్జి చెయ్యి పైకే ఉంది. ఆయన వెనక, జనంలో ముందు వరసలో అత్తమ్మ కనపడింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, కుడిచెయ్యి పైకెత్తి, రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. జడ్జి చెయ్యి కిందికి వచ్చింది. ఆ తర్వాతే ఆమె చెయ్యి కిందికి వచ్చింది. నేను కడ్డీని నేలకు ఆనించాను. మూడు తెల్లలైట్లు వెలిగాయి, బరువు లెక్కలోకి వచ్చింది, పతకం నాకే వచ్చింది. జీవితంలో నేను అంత గర్వపడింది అప్పుడే. ఆ గర్వంలో సగం ఆమెదే.

షాద్‌నగర్‌లో బస్సు దిగాక పతకం తీసి ఆమె మెడలో వేశాను. మా ఇంటికి దగ్గరి తోవ బస్టాండు వెనక నుంచి ఉంది. నేను అటు తిరిగాను.

"అటెందుకు?" అంది అత్తమ్మ. "కూరగాయల మార్కెట్ల నుంచి పోదాం."

కొనేదేమీ లేదు. కొంగును పతకం మీద పడకుండా పక్కకు జరుపుకుని, ప్రతి దుకాణం ముందూ ఒక్క నిమిషం ఆగుతూ, ఆమె నా ముందు నడిచింది.