తాండ్ర పొరలూ, విడిపోయిన ఖండాలూ

నేను చదివింది నాలుగో తరగతి వరకే. అయినా మామిడి తాండ్ర విషయంలో నాకు చెప్పేవాళ్లు లేరు. చాప మీద రోజుకో పొర రసం పోసి, అది ఆరాకే మరో పొర పోయాలి. తొందరపడితే బూజే.

తొంభైల చివర్లో, బడులు తెరిచిన వారం. ఎండిన తాండ్ర ముక్కలు కోస్తుంటే పదో తరగతి మనవరాలు వచ్చి కూర్చుంది. పాత శుభలేఖ అట్టల మీద ఆఫ్రికానీ, దక్షిణ అమెరికానీ గీసి కత్తిరించింది. రెంటినీ ఆనించి, ఒకప్పుడు ఇవి ఒకటే నేల, తరవాత విడిపోయి దూరంగా జరిగాయి అంది.

"అంచులు కలిస్తే ఒకటే అయిపోతాయేంటి?" అన్నాను.

"మాస్టారు కూడా అదే అడుగుతారు మామ్మా. రేపు క్లాసులో పాఠం నేను చెప్పాలి. బాగా చెప్పినవాళ్లనే రాజమండ్రి ప్రదర్శనకి పంపుతారు." అట్టలు పక్కకి తోసి కళ్లు తుడుచుకుంది.

"ఏడుపెందుకు? ఇంకేం సాక్ష్యం ఉందో చెప్పు."

రెండు ఒడ్డుల్లోనూ ఒకే జంతువు ఎముకలు రాళ్లలో దొరికాయట. మంచినీళ్ల జంతువట.

"అయితే ఈదుకుంటూ వెళ్లుంటుంది. సముద్రంలోంచి పులస మన గోదాట్లోకి రావడంలా?"

"అది పులస కాదు మామ్మా! బల్లిలాంటిది. మడుగుల్లో బతికేది. అంత సముద్రం ఎలా దాటుతుంది?"

"సరే, ఇంకా?" అంటూ ఇంకో ముక్క కోశాను.

"రాళ్ల పొరలు కూడా కలుస్తాయి. మన నేలా అప్పుడు అందులోదేనట. మన తూర్పు కొండల్లో రాయికీ, దక్షిణ ధ్రువం దగ్గరి మంచు ఖండంలో రాయికీ పోలికట" అంది.

అప్పుడు నా కత్తి ఆగింది. ఒకే చాపలోవి రెండు ముక్కలు తీసి దాని ముందు పెట్టాను. ఆ చాప మీద పోసేటప్పుడు ఒకరోజు పంచదార నిండుకుని బెల్లం కలిపాను. ఆ పొర నల్లగా, దాని మీద పొర పాలిపోయి కనిపిస్తోంది. రెండు ముక్కల్లోనూ అదే వరస. మూడోది వేరే చాప మీద ముక్క. అందులో నల్ల గీతే లేదు.

"కోసిన అంచు ఏ ముక్కకైనా ఆనుతుందే. పొరలు చూడు."

మర్నాడు ఆ మూడు ముక్కలూ బడికి పట్టుకెళ్లింది. సాయంత్రం గుమ్మంలోంచే కేక వేసింది.

"మామ్మా! మాస్టారు ఒప్పుకున్నారు! అంత నేలని ఎవరు లాగారని మా వెనక బెంచీ పిల్ల అడిగింది. మొదట చెప్పిన శాస్త్రవేత్తకీ అది సరిగ్గా తెలీలేదన్నాను. సముద్రం అడుగున నేల చీలి, కొత్త రాయి పుడుతూ రెండు పక్కలకీ జరుగుతోందని తరవాతే తెలిసిందన్నాను. రాజమండ్రికి నన్నే పంపుతున్నారు. కానీ కొయ్యని తాండ్ర చాప కావాలి, అందరి ముందూ కోసి చూపించాలి."

చాప మొత్తం ఎవరికీ ఇచ్చినదాన్ని కాను. దాని చేతికీ ఇవ్వలేదు. బస్సులో నా ఒళ్లో పెట్టుకుని నేనే తీసుకెళ్లాను.