పక్కింటి తెల్లగోడ

మా చావడిలో పట్టపగలు కూడా మనిషి ముఖం తెలియాలంటే గుమ్మం దగ్గరికి రమ్మనాల్సి వచ్చేది. రెండు మూరల మందం మట్టిగోడలు, జానెడు కిటికీలు రెండు, పొగచూరిన తాటిదూలాలు. వీధిలో పోయేవాళ్లకు లోపల ఎవరున్నదీ కనపడకూడదని మా ముత్తాత అలా కట్టించాడట. చిన్నప్పుడు అది మా ఇంటి గొప్ప అనుకున్నాను. నాకు ముప్పై ఏళ్లు వచ్చేసరికి, అంటే పందొమ్మిది వందల అరవై దాటిన రోజుల్లో, కనపడకుండా దాచుకోవలసింది ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు. పొలాలు పోయాయి, పనివాళ్లు పోయారు. అమ్మా నేనూ మిగిలాం.

అయినా ఏడాదికి ఒక్కరోజు ఊరంతా మా చావడికి వచ్చేది. మా ఊరికీ సముద్రానికీ మధ్య ఉప్పుకాలవ ఉంది. అందులో వలలు కట్టడానికి మంచి తావులు కొన్నే. జువ్వలదిన్నె వైపు చేపలు పట్టే పాళెంవాళ్లు ఏ ఇంటికి ఏ తావో పెద్దవానలకు ముందు ఒక పొద్దున తేల్చుకునేవారు. ఇంటికొక ఆల్చిప్ప. దాని మీద ఆ ఇంటి గుర్తు గీసి ఉంటుంది. కొక్కెం, తెడ్డు, మూడు గీతలు, నాలుగు గీతలు, అలా. అన్నీ కుండలో వేసి ఒక్కొక్కటే తీస్తారు. ముందు వచ్చిన చిప్పకు మొదటి తావు. వలలతో పనిలేని ఇల్లు కనక పక్షపాతం ఉండదని ఆ కుండను మా చావడిలోనే పెట్టేవారు. చిప్ప మీది గుర్తు చూసి పైకి చెప్పేది మా ఇంటి మగవాడు. తాత చెప్పాడు, నాన్న చెప్పాడు, ఆయన పోయాక నేను చెప్పాను. మా ఇంటికి మిగిలిన మర్యాద అదొక్కటే.

ఆ రోజుల్లోనే పక్క స్థలంలో మిద్దె లేచింది. కట్టించినవాడి తండ్రి మా తాత దగ్గర ధాన్యం కొలిచిన మనిషి. కొడుకు ఎండుచేపలు లారీలకెత్తించి మద్రాసు దాకా పంపి బాగుపడ్డాడు. గృహప్రవేశానికి వెళ్లక తప్పలేదు. మనిషి నిలబడేటంత కిటికీలు, వాటికి గాజుపలకలు, నీలం పరదాలు. అద్దంలాంటి ఎర్ర గచ్చు. గోడలకు గుల్లసున్నం, హాల్లో ట్యూబులైటు. కిటికీలు ఎనిమిది లెక్కపెట్టాను. చేతికిచ్చిన పాయసం తాగకుండా ఇంటికి వచ్చి, తీపి ఎక్కువైందని అమ్మతో అన్నాను. రుచైనా చూడలేదు. తర్వాత కరెంటువాళ్లు వచ్చి పక్క మిద్దె మీదుగా మా ఇంటికి తీగ లాగుతామంటే, ఆ ఇంటి మీదుగా వచ్చేది మాకేదీ అక్కర్లేదని పంపేశాను.

మరుసటి ఏడు చిప్పలు తీసేరోజు ఆకాశం మబ్బుగా ఉంది. నేను మూడు గీతల చిప్పను నాలుగన్నాను, నాలుగు గీతలదాన్ని మూడన్నాను. ఆ రెండిళ్లవాళ్లూ బయటికి వెళ్లి వెలుతురులో చూసుకున్న తర్వాత గొడవైంది. మొత్తం మళ్లీ తీయాల్సి వచ్చింది. అందరూ పోయాక పాళేనికి పెద్ద అయిన ముసలి కాపు ఒక్కడూ ఆగిపోయాడు.

"అయ్యా, మీ మాట మీద మాకు అనుమానం లేదు. చావడే చీకటి. వచ్చే ఏడు కుండ పక్క మిద్దెలో పెట్టుకుంటాం. ఆడ చిప్ప మీద వెంట్రుక పడినా కనిపిస్తాది" అన్నాడు.

పక్క మిద్దెలో అన్న మాట నా చెవిలో సీసం పోసినట్టయింది. వచ్చే ఏటికి మా చావడి వెలుగుతుంది, అప్పటికీ బాగా లేకపోతే మీ ఇష్టమన్నాను. ఆయన సరేనన్నాడు.

ముందు కావలి నుంచి పెట్రోమాక్సు తెప్పించాను. ముసలి కాపు చూసి తల అడ్డంగా ఊపాడు. దీపం పెడితే చెయ్యి నీడ కుండలో పడుతుంది, పొద్దు వెలుగులో తప్ప తీయడం తమ కట్టుబాటులో లేదన్నాడు. తర్వాత, గోడంతా ఆక్రమించిన భోషాణాన్ని నలుగురు మనుషుల చేత వెనక కొట్టంలోకి మోయించాను. దూలాలు కుంకుడురసంతో కడిగించాను. గోడలకు సున్నం వేయించి, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నిలువుటద్దాన్ని గుమ్మానికి ఎదురుగా పెట్టాను. తాత వేటాడి తెచ్చిన దుప్పికొమ్ములు దించడానికి మాత్రం నాకు ఒక పూట పట్టింది. ఇంతా చేస్తే చావడి అర్ధరాత్రి పోయి సందెవేళ అయింది, అంతే.

ఉత్తరపు గోడకు పెద్ద కిటికీ పెట్టాలన్నాడు మేస్త్రి. తూర్పున వంటిల్లు, పడమట వసారా, దక్షిణాన ఇంకో ఇంటి గోడ ఆనుకుని ఉన్నాయి. ఉత్తరమొక్కటే ఖాళీ. అటువైపు సన్నటి సందు, సందుకు అవతల ఆ పక్కింటివాడి మిద్దె. పొద్దున లేచి వాడి గోడ చూడాలా అని నెలరోజులు ఊరుకున్నాను. చివరకు, పాడుబడ్డ పశువులశాల తలుపుల టేకుతో చట్రం చేయించి గోడ కొట్టించాను.

దుమ్ము తగ్గాక లోపలికి వెళ్లి నిలబడిపోయాను. ఎండ పొడ కాదు, తెల్లటి నిదానమైన వెలుతురు, మూలమూలకూ వచ్చింది. నడి చావడిలో నిలబడి చేతి గీతలు చూసుకోగలిగాను. అమ్మను పిలిచాను. ఆమె కిటికీ చట్రం పట్టుకుని చాలాసేపు బయటికి చూసింది.

"ఈ వెలుగు మనది కాదబ్బయా. వాళ్ల గోడది."

నిజమే. దక్షిణపు ఎండ అతని సున్నపు గోడ మీద పడి, అక్కడి నుంచి మా ఇంట్లోకి వస్తోంది. ఎనిమిది కిటికీలు ఉన్నవాడికి నాకున్న ఒక్క పెద్ద కిటికీలో కూడా వాటా కావలసి వచ్చిందా అని ఒళ్లు మండింది. నా కిటికీ నేను పెట్టించుకున్నానని గానీ, ఆ గోడ అంతకుముందే ఉందని గానీ నాకు తోచలేదు.

చిప్పలు తీసే రోజు ఇంకో నాలుగు రోజులుందనగా సందులో గోడకు కర్రల సారువ కట్టిన చప్పుడైంది. ఇద్దరు మనుషులు బకెట్లో పచ్చరంగు కలిపి అతని గోడకు పులుముతున్నారు. మధ్యాహ్నానికి మూడో వంతు పూసేశారు. మా చావడి నీళ్ల అడుగున ఉన్నట్టయింది. అమ్మ తెల్లచీర నాచుపట్టినట్టు కనపడింది.

వెళ్లాను. చిన్నప్పుడు 'ఒరే' అని పిలిచిన మనిషిని ఇప్పుడేమని పిలవాలో తెలియక, పిలవకుండానే గుమ్మంలో నిలబడ్డాను. అతనే చూసి లేచి, రాండయ్యా కూర్చోండి అన్నాడు. కూర్చోలేదు. ఉప్పుగాలికి పచ్చరంగు నిలవదన్నాను.

"ఏ రంగు మాత్రం నిలిచింది గనక. మా ఇంటామె ముచ్చటపడింది, ఏయించినా" అన్నాడు.

వెనక్కి తిరిగి వచ్చేయవచ్చు. కుండ ఈ ఎర్ర గచ్చు మీద పెట్టడం, ఇతను చిప్ప పైకెత్తి గుర్తు చెప్పడం నా కళ్ల ముందు ఆడింది.

"ఆ గోడ తెల్లగా ఉంటేనే మా చావడిలో చిప్పలు కనిపిస్తాయి" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వితే అనవలసిన మాట సిద్ధంగా పెట్టుకున్నాను. అతను నవ్వలేదు.

"ఆ చావడిలోనే మా నాయన ముప్పై ఏళ్లు కుంచం కొలిచినాడయ్యా. కుంచం నిండిందో లేదో కళ్లకు ఆనక చేత్తో తడుముకునేవాడు. తక్కువ కొలిచినాడని ఒకసారి మీ తాత పదిమందిలో అన్నాడంట. నాయన పోయేదాకా ఆ మాట మరిచిపోలా. ఈ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రికి నేను చెప్పింది ఒకటే, ఏ మూలా చీకటి ఉండకూడదని."

తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి పనివాళ్లను కేకేశాడు. ఆ పక్కకు సున్నమే కొట్టండి, పూసింది గీకెయ్యండి అన్నాడు. లోపలి నుంచి అతని భార్య ఏదో గొణిగింది. మిగతా మూడు గోడలూ నీ ఇష్టమే పో అన్నాడు.

మా తాత అన్నది తప్పని ఆ నిమిషంలో నేను అనవలసింది. అనలేదు. తల పంకించి వచ్చేశాను.

ఆ ఏడు చిప్పలు మా చావడిలోనే తీశారు. మొదటి చిప్ప నుంచి చివరి చిప్ప దాకా నా గొంతు ఎక్కడా తడబడలేదు. అతను కూడా వచ్చి, గుమ్మం పక్కన చాప చివర కూర్చున్నాడు. అంతా అయ్యాక ముసలి కాపు నలుదిక్కులూ చూసి, కిటికీ పెట్టించి మంచిపని చేసినారయ్యా, ఇంక కుండ ఎక్కడికీ కదలదు అన్నాడు. అందరూ నావైపు చూశారు, అతను కూడా.

"అవును" అన్నాను.

గోడ సంగతి అతను చెబుతాడని ఎదురుచూశాను. చెప్పి ఉంటే పదిమందిలో నా పరువు తీశాడని హాయిగా ద్వేషించుకునేవాణ్ణి. అతను కండువా దులుపుకుని లేచి, కాపుతో వానల సంగతి మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు వానలకు ముందు ఆ గోడకు సున్నం పడింది. ఆ తర్వాతి ఏడు కూడా. మిగతా మూడు గోడలు అతని భార్య ముచ్చటను బట్టి పచ్చగా, ఒకసారి గులాబీగా మారేవి. మావైపుది మాత్రం తెలుపే. ప్రతిసారీ ఈసారైనా మరిచిపోతాడేమో, వెళ్లి అడగాల్సి వస్తుందేమోనని చూసేవాణ్ణి. ఏ ఏడూ నాతో అడిగించుకోలేదు. అతని మిద్దె చూసి, కిటికీలు చూసి పడ్డ అసూయ కాలం గడిచేకొద్దీ పలచబడింది గానీ, దీన్ని మాత్రం నేను ఓర్చుకోలేకపోయాను.